ఉప్పునీళ్ళలో తేలిన పాచిక

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం కాఫీ ఎవరు పెట్టాలో ఆట తేలుస్తుంది. ఓడినవాళ్ళు పెట్టాలి, గెలిచినవాళ్ళు కూర్చుని వంకలు పెట్టాలి. ఈ చట్టం చేసింది మా అత్తగారు. ఆటను తయారు చేసిందీ ఆవిడే. అందుకని నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆదివారం కాఫీ నేనైనా పెట్టాను, మా ఆయనైనా పెట్టారు. ఆవిడ మాత్రం ఆ పూట పొయ్యి దగ్గరికి వచ్చిన పాపాన పోలేదు.

"చక్కెర తక్కువైంది అమ్మాయ్. ఓడిన బాధ చక్కెర మీద చూపించకు" అనేవారు కప్పు పక్కన పెడుతూ. నాకు ఒళ్ళు మండేది. వచ్చే ఆదివారం చూపిస్తాను నా తడాఖా అనుకునేదాన్ని. వచ్చే ఆదివారం మళ్ళీ కాఫీ పెట్టేదాన్ని.

ఆట పేరు మూడు వంతెనలు. ప్లైవుడ్ బోర్డు మీద గళ్ళు, మధ్యలో అడ్డంగా నీలం రంగు నది, నది మీద మూడు వంతెనలు. ఇటు ఒకరి సైన్యం, అటు ఒకరి సైన్యం. కాలిబంట్లు నెమ్మదిగా నడుస్తాయి, గుర్రాలు చురుగ్గా పరిగెడతాయి. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వెయ్యాలి. మన బంట్లు రెండు చేరి ఎదుటివాళ్ళ బంటు ఒక్కదాన్ని పట్టుకుంటే అది బోర్డు దిగిపోవాలి. ఎదుటివాళ్ళ ధాన్యపు కొట్లో మన బంటు కాలు పెట్టిందంటే గెలిచినట్టే. అదృష్టానికి ఎక్కడా చోటు లేదు. "పాచికలు బద్ధకస్తుల తెలివమ్మాయ్" అనేవారు అత్తగారు. ఆవిడ తూర్పు వంతెన దగ్గర ఏదో బంటును ఊరికే జరిపినట్టు జరిపేవారు. మనం మరిచిపోయాక, ఎప్పుడో ఆ బంటే వచ్చి మన పీక పట్టుకునేది.

ఉద్యోగంలోనూ ఆవిడ అంతేనట. గూడ్సు యార్డుకి పెద్దగా చేసి రిటైరయ్యారు. ఏ వ్యాగన్ ఏ పట్టా మీదికి పోవాలో ఎత్తైన క్యాబిన్లో కూర్చుని మైకులో చెప్పడం ఆవిడ పని. ఆ మైకు గొంతు ఇంట్లోనూ పోలేదు. నేను కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని చేస్తానని పెళ్ళిచూపుల్లో చెబితే, "మంచిదే, మావాడికి పళ్ళూడే దాకా నీతో పని ఉండదు" అని నవ్వారు. అప్పుడే తెలిసింది, ఈవిడతో నాకు పడితే బాగా పడుతుంది, పడకపోతే అసలే పడదని. బాగానే పడింది.

పోయినేడు ఆవిడకు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కడమే గొప్పన్నారు. ఇంటికి వచ్చాక చూస్తే మనిషి మనిషిలాగే ఉన్నారు, గొంతు గొంతులాగే ఉంది. కానీ ఇందాక జరిగింది ఇప్పుడు నిలవదు. పాత సంగతులన్నీ గుర్తే. ఎదురుగా ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యలోదే జారిపోతుంది.

"లెక్క వెయ్యగలరు, అర్థం చేసుకోగలరు. దాచుకోవడమే కష్టం" అన్నారు డాక్టరు.

ఆ మాటకు అర్థం ఏమిటో ఆసుపత్రిలో కాదు, బోర్డు ముందు తెలిసింది. అత్తగారు ఎప్పటిలాగే తూర్పు వంతెన మీదికి బంటును పంపేవారు. నాలుగెత్తులయ్యాక దాన్ని చూసి, "ఇదెందుకు ఇక్కడుంది?" అని వెనక్కి లాగేసేవారు. ఉచ్చు బిగించిన మనిషే దాన్ని విప్పేసేవారు. దాచుకోవడం మీద నిలబడ్డ ఆటలో దాచుకోలేని మనిషి ఏం చేస్తుంది?

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఎవరూ మెట్లెక్కి ఆయాసపడకూడదన్నది ఆయన వృత్తిధర్మం, ఇంట్లోనూ అదే పాటిస్తారు. అమ్మ ఓడిపోవడం చూడలేక కావాలని తప్పుటెత్తులు వెయ్యడం మొదలుపెట్టారు. గుర్రాన్ని తెచ్చి ఆవిడ రెండు బంట్ల మధ్య నిలబెట్టి, "అయ్యో!" అని తల పట్టుకునేవారు. నాటకాల్లో వేషం ఇస్తే మొదటి రోజే పంపించేస్తారు, అంత గొప్ప నటన.

ఒక ఆదివారం అత్తగారు ఆ గుర్రం వంక చాలాసేపు చూశారు. తీసెయ్యలేదు.

"దీన్ని ఎందుకు ఇక్కడ పెట్టావురా?"

"పొరపాటైందమ్మా."

"నాకు నిన్నటిది గుర్తుండదు, నిజమే. కానీ కళ్ళు పోలేదు. తనంతట తనే వచ్చి కాలిబంట్లకు చిక్కే గుర్రాన్ని చంటిపిల్లలకు పెడతారు. ఓడిపోతే కాఫీ పెట్టేదాన్ని కదరా. నాతో నిజంగా ఆడేవాళ్ళు కూడా లేకుండా చేశావు."

బంట్లన్నీ డబ్బాలో వేసి మూత పెట్టారు. ఏం జరిగిందో మరిచినా ఆ నొప్పి మాత్రం నిలిచినట్టుంది, మర్నాడు వీధి చివర గ్రంథాలయానికి తనే ఫోన్ చేసి, పిల్లల గదికి ఒక ఆట ఇస్తాననీ, వచ్చే సోమవారం మనిషిని పంపమనీ చెప్పారు. మరిచిపోతానని తెలిసి ఆ మాట కాగితం మీద రాసి బోర్డుకు అంటించారు. అప్పటి నుంచి గదిలోంచి బయటికి రావడం తగ్గిపోయింది. భోజనానికి పిలిస్తే వస్తారు, పెట్టింది తింటారు. నేను కావాలని ఉప్పు ఎక్కువేసినా ఒక్క వంక పెట్టలేదు. అప్పుడు భయం వేసింది నాకు. వంక పెట్టని అత్తగారిని నేను ఎరగను, ఎరగదలుచుకోలేదు కూడా.

ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం ఆవిడ తల దువ్వుతూ యార్డు కబుర్లు అడిగాను. పాతవి అడిగితే ఆవిడకు ప్రాణం లేచొస్తుంది.

"ఇంజన్ వ్యాగన్లను దిబ్బ మీదికి నెడుతుంది. అక్కడ కొక్కెం తీసేస్తే, ఆ వ్యాగన్ తన బరువుకు తనే అవతలి వైపుకి దొర్లుకుంటూ పోతుంది. ఏ పట్టా మీదికి పోవాలో మేం మళ్ళిస్తాం. మరీ జోరుగా పోతే ముందున్నవాటిని గుద్దుతుంది. మరీ నెమ్మదైతే సగం దారిలో ఆగి అందరికీ అడ్డం పడుతుంది."

"ఎంత జోరుగా పోతుందో లెక్క ఉంటుంది కదత్తయ్యా?"

ఆవిడ పకపకా నవ్వారు. "ఉంటుంది, కాగితం మీద. బరువు ఒకటి రాస్తారు, లోపల ఒకటి ఉంటుంది. పట్టా తడిగా ఉంటుంది. ఎదురుగాలి కొడుతుంది. ఇరుసులో నూనె ఉందో లేదో దేవుడికెరుక. ఏ వ్యాగన్ ఎలా పోతుందో కొక్కెం తీసేదాకా తెలియదమ్మాయ్. తెలియకపోయినా వదలాలి. వదిలాక వచ్చినదాన్ని వచ్చినట్టు చూసుకోవాలి."

"మరి ఆటలో అదృష్టం ఎందుకు పెట్టలేదు మీరు?"

"రోజంతా గాలితో వేగి ఇంటికొస్తే, ఇంట్లోనైనా అన్నీ నేను చెప్పినట్టు నడవాలనిపించదూ?"

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఈవిడ గొప్పతనం దాచుకోవడంలో ఉందని మేమందరం అనుకున్నాం. జీతం తీసుకున్నన్నాళ్ళూ ఈవిడ చేసింది మాత్రం, ఎదురుగా దొర్లుకుంటూ వచ్చినదాన్ని చూసి అప్పటికప్పుడు తేల్చడం. అది పోలేదు. జ్వరం దాన్ని ముట్టుకోలేదు. మేమే దానికి పని లేని ఆట ముందు ఆవిడను కూర్చోబెట్టాం.

మర్నాడు ల్యాబులో భోజనాల వేళ అచ్చు పోశాను. పంటి తెలుపు రంగు ముద్దతో చిన్న ఘనం చేసి, ఆరు ముఖాలమీదా గుంటలు తొలిచి, వాటిలో చిగుళ్ళ రంగు ముద్ద నింపాను. లోపల గాలి బుడగ చేరకుండా ఒత్తిడి పెట్టి ఉడికించాను. అరగదీసి, మెరుగు పెట్టాను. ఎవరి నోట్లోనూ పెట్టని వస్తువు మీద అంత శ్రద్ధ నేనెప్పుడూ చూపలేదు.

ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆయన దాన్ని అరచేతిలో దొర్లించి, గొంతు తగ్గించి, "ఆరు పడేలా లోపల కాస్త తీగముక్క పెట్టకూడదూ? అమ్మ వేసేటప్పుడు ఇది, నేను వేసేటప్పుడు మామూలుది" అన్నారు.

"మీ అమ్మను ఒకసారి చంటిపిల్లను చేశారు. చాల్లేదా?" అన్నాను. ఇంకా కొన్ని అన్నాను, అవి రాయను.

ఆదివారం వచ్చింది. మర్నాడే గ్రంథాలయం మనిషి వస్తాడు. అంటించిన కాగితాన్ని ముట్టుకోకుండా బోర్డును అలాగే బల్ల మీద పరిచి, పాచిక పక్కన పెట్టి, అత్తగారిని పిలిచాను.

"కొత్త పద్ధతి అత్తయ్యా. ఒక బంటు ఒక బంటు మీద పడితే పాచిక వెయ్యాలి. నాలుగు, ఆ పైన పడితే ఎదుటిది పోతుంది. తక్కువ పడితే మీద పడ్డదే పోతుంది. రెండు చేరి ఒకదాని మీద పడితే మాత్రం, ఒకటి పడితే తప్ప గెలుపే." మరిచిపోతే చూసుకోవడానికి అదే అట్టముక్క మీద రాసి ఆవిడ ముందు పెట్టాను.

"పాచికలు బద్ధకస్తుల..." అని మొదలుపెట్టి, ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. వేళ్ళ మధ్య తిప్పారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "గాజుగ్లాసులో నీళ్ళు తే. ఉప్పు డబ్బా కూడా."

నాకర్థమైంది. మా ఆయనకు కాలేదు. అత్తగారు గ్లాసులో ఉప్పు వేసి కలుపుతూనే ఉన్నారు, ఇక కరగనని ఉప్పు మొండికేసేదాకా. అప్పుడు పాచికను అందులో వదిలారు. మునిగి, మెల్లగా పైకి తేలింది. వేలితో తిప్పి వదిలారు. పైకి మూడు వచ్చింది. మళ్ళీ తిప్పారు, ఐదు. మళ్ళీ తిప్పారు, రెండు. ఒక పక్క బరువుంటే ప్రతిసారీ అదే ముఖం పైకి రావాలి. ఆవిడ తిప్పుతూ పోయారు, అది ప్రతిసారీ తన ఇష్టం వచ్చిన ముఖం చూపిస్తూ పోయింది. మా ఆయన మెడ మీద చెమట తుడుచుకున్నారు.

"బుడగ లేదు, బరువు లేదు" అన్నారు అత్తగారు చివరికి. నా వంక చూసిన చూపులో ఏదో కదిలింది. "నిజాయితీగా చేశావు అమ్మాయ్. కూర్చోరా."

ఆట మొదలైంది. మా ఆయన నా మాట విన్నట్టే విని, తన పని తను చేశారు. కొంతసేపటికే ఒంటరి గుర్రాన్ని పడమటి వంతెన దాటించి, తోడెవరూ లేకుండా ఆవిడ కాపలా బంటు మీదికి తోలారు. సగానికి సగం చచ్చే అవకాశం ఉన్న పని. చావాలనే చేశారు. "చూద్దాం, ఏదైతే అదవుతుంది" అంటూ పాచిక విసిరారు.

ఆరు.

ఆయన ముఖం పాలిపోయింది. అత్తగారి కాపలా బంటు బోర్డు దిగింది. సరే, ఇంకోసారి చద్దామని అదే గుర్రాన్ని ఇంకో బంటు మీదికి తోలారు. ఐదు. మళ్ళీ తోలారు. ఆరు. చచ్చిపోవాలని బయల్దేరిన గుర్రం ముగ్గురిని పడగొట్టి, అత్తగారి ధాన్యపు కొట్టుకి కాస్త దూరంలో నిలబడి ఉంది.

"నక్క తోక తొక్కి వచ్చావట్రా?" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. కొడుకు ముఖం వంక చూశారు, గుర్రం వంక చూశారు, మళ్ళీ ముఖం వంక చూశారు. ఎదురుగా ఉన్నది ఆవిడకు తెలియకుండా పోతుందా? "నువ్వు నాకు పెట్టాలనుకున్న ముష్టి అది పడనివ్వలేదు, చూశావా! ఇప్పుడు ఆడు. నిజంగా ఆడు."

నేను అచ్చు పోసి, అరగదీసి, మెరుగు పెట్టిన ముక్క అది. దానికి కళ్ళు లేవు, చెవులు లేవు, మా ఇంట్లో ఎవరికి ఎవరంటే జాలో తెలియదు. ఆ తెలియకపోవడమే ఆ క్షణాన నాకు దైవంలా కనిపించింది. ఇన్నాళ్ళూ మేం దయతో చెయ్యలేని పని, దయ అంటే ఏమిటో ఎరగని ఆ ముక్క చేసింది. ఆవిడ ముందు ఒక నిజమైన శత్రువును నిలబెట్టింది.

మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు.

ఆ తర్వాత బోర్డు మీద నేను చూసినవి అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్ళ ఆటల్లో బంట్లు నడిచే దారులు నాకు కంఠతా వచ్చు. రెండో వంతెన దగ్గరికి వచ్చేసరికే ఆఖరు ఎలా ఉంటుందో తెలిసిపోయేది. ఇప్పుడలా కాదు. పాచిక పడ్డ ప్రతిసారీ పాత దారి తెగి, కొత్త నేల బయటపడుతోంది. మా ఆయన పది ఎత్తుల ముందు ఆలోచించి పెట్టుకున్నదంతా ఒక్క రెండు పడి గంగలో కలిసిపోయేది. ఆయన మళ్ళీ మొదటి నుంచి తల బాదుకోవాలి. అత్తగారికి ఆ బాధ లేదు. దాచుకున్నది లేదు కాబట్టి పోయేదీ లేదు. ప్రతిసారీ బోర్డును అప్పుడే తలుపు తీసి చూసినట్టు చూసేవారు. ఒక్క చూపు. గుర్రం ఎక్కడుంది, వంతెన ఎవరిది, ఎవరు ఒంటరిగా ఉన్నారు. వేలు తిన్నగా సరైన బంటు మీదికి పోయేది. వచ్చిన వ్యాగన్ వచ్చినట్టు.

నడిమి వంతెన మీద ఆవిడ బంటు ఒక్కటే మిగిలింది. మా ఆయన రెండు బంట్లతో దాని మీద పడ్డారు. ఒకటి పడితే తప్ప ఆయనదే గెలుపు. ఒకటి పడింది. ఇంకో జంటను తెచ్చి మళ్ళీ పడ్డారు. పాచిక బల్ల అంచు దాకా దొర్లి, గ్లాసుకు తగిలి, తిరిగి తిరిగి ఆగింది. మళ్ళీ ఒకటి.

ముగ్గురం ఆ బంటునే చూస్తున్నాం. బొటనవేలంత చెక్కముక్క. నది మధ్యలో ఒక్కటీ నిలబడి ఉంది.

"కాలం కలిసిరాకపోతే కర్రే పామై కరుస్తుందంటే ఇదేనేమో" అని గొణిగారు మా ఆయన. ఆయన గొంతులో నటన లేదు. అత్తగారికి ఆ గొంతు వినిపించింది. చిన్నపిల్లలా కాళ్ళు ఊపారు కుర్చీలో.

చివరికి ఇక్కడికి వచ్చింది. మా ఆయన గుర్రం అత్తగారి కొట్టు గుమ్మంలో ఉంది. ఇంకొక్క ఎత్తుతో లోపలికి పోతుంది. అత్తగారి గుర్రం ఆయన కొట్టు ముందుంది, మధ్యలో కాపలా బంటు ఒక్కటే. ఆవిడది ఎత్తు. గుర్రాన్ని వెనక్కి తెచ్చి అడ్డం పెడితే ఆట సాగుతుంది, కానీ గెలిచే దారి మూసుకుపోతుంది. ముందుకు పడితే సగానికి సగం. నాలుగో, ఐదో, ఆరో రావాలి.

ఆవిడ పాచికను పిడికిట్లో పట్టుకుని కొంచెంసేపు ఊరుకున్నారు. మరిచిపోయారేమో అనుకున్నాను. మరిచిపోలేదు.

"తెలియకపోయినా వదలాలి" అన్నారు మెల్లగా, మాతో కాదు. వదిలారు.

దొర్లుతున్న ఆ కాస్తసేపు, జ్వరం వచ్చిన మనిషీ రాని మనుషులూ అని తేడా లేదు. ఏం రాబోతోందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ముగ్గురం ఒకే గుమ్మంలో నిలబడ్డాం.

మూడు.

అత్తగారి గుర్రం పోయింది. మా ఆయన చెయ్యి తన గుర్రం మీద ఆగింది. నా వంక చూశారు. నేను చూడలేదు. ఆయన దాన్ని ఎత్తి ఆవిడ కొట్లో పెట్టారు.

"ఓడిపోయాను!" అన్నారు అత్తగారు. రెండు చేతులూ చెంపలకు ఆనించుకున్నారు. "అమ్మాయ్, చూశావా? వీడు నన్ను నిజంగా ఓడించాడే!" పోయిన వస్తువు పరుపు కింద దొరికితే మనుషులు అలా నవ్వుతారు. మా ఆయన మాత్రం కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆయనను ఏమీ అనలేదు, అది నాకు చాలా కష్టమైన పని.

అత్తగారు బోర్డుకు అంటించిన కాగితాన్ని చదివి, "ఇదెవరు రాశారు? నేనేనా?" అని నలిపి చెత్తబుట్టలో వేశారు. "రేపు ఆ గ్రంథాలయం వాళ్ళకు చెప్పు, ఇంకేదైనా ఇస్తామని" అంటూ లేచి వంటింట్లోకి నడిచారు. కాఫీ పెట్టడానికి.

నేను గుమ్మంలో నిలబడ్డాను. పాలు కాగాయి, డికాక్షన్ కలిపారు, చక్కెర వేశారు. చెంచా పట్టుకుని కిటికీలోంచి ఏదో చూశారు. వెనక్కి తిరిగేసరికి చూపులో సందేహం.

"చక్కెర వేశానా అమ్మాయ్?"

వేశారని నోటిదాకా వచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "నువ్వు చెప్పకు. ఆ పాచిక తే. సరి పడితే వేసినట్టు, బేసి పడితే వెయ్యనట్టు."

పొయ్యి పక్కన బండ మీద విసిరారు. ఐదు. తృప్తిగా తలూపి చక్కెర మళ్ళీ వేశారు.

ముగ్గురం బోర్డు చుట్టూ కూర్చున్నాం. మా ఆయన ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. అత్తగారు కప్పు పట్టుకుని బంట్ల వంక చూస్తున్నారు. నది మధ్యలో ఇంకా నిలబడే ఉన్న ఆ ఒంటరి బంటును వేలితో తాకారు. చెరిగిపోయిన దేన్నో వెతుక్కుంటున్నట్టు నుదురు ముడిపడింది.

"ఇందాక ఎవరు గెలిచార్రా?"

మా ఆయన నోరు తెరిచారు. 'నువ్వే అమ్మా' అన్నది అక్కడే ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది. చెప్పినా ఆవిడకు తెలియదు. ఆయన పాచిక వంక చూశారు.

"నేనే అమ్మా" అన్నారు.

"అయితే ఈ కాఫీ నేను పెట్టానన్నమాట." ఆవిడ ఒక గుక్క తాగారు. "ఛీ, పాకంలా ఉంది. వంక పెట్టవేంరా? గెలిచినవాడివి కదా!"

"పాకంలాగే ఉందమ్మా. నోట్లో పెట్టుకోలేకపోతున్నాను."

అత్తగారు పళ్ళన్నీ కనబడేలా నవ్వి, కప్పు పక్కకు జరిపి, బంట్లను దగ్గరికి లాక్కున్నారు.

"పేర్చు. ఈసారి నువ్వు పెడతావు."